డాబా మీద మెంబ్రేన్ షీట్ వేయించడం ఎలా: వాటం చూడటం నుంచి నీళ్లు నిలిపే పరీక్ష దాకా

వానాకాలం మొదలైందంటే పై అంతస్తులో ఉండేవాళ్ల కళ్లు సీలింగ్ మీదే ఉంటాయి. మొదటి ఏడాది ఒక మూల టీ ఒలికినట్టు చిన్న మరక కనిపిస్తుంది. మరుసటి ఏడాదికి అది కంచమంత అవుతుంది. ఆ తర్వాత పెయింట్ ఉబ్బి, పెచ్చులు రాలి, లోపల తుప్పు పట్టిన చువ్వ బయటపడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "పైన తారు షీట్ వేయించెయ్యండి, టెన్షన్ పోతుంది" అంటారు.

సలహా మంచిదే. కానీ ఆ షీట్ వేసిన ఏడాదికే మళ్లీ కారిన డాబాలు నేను చాలా చూశాను. వాటిలో షీట్ నడిమధ్యలో చిల్లుపడి కారినవి దాదాపు లేవు. నీళ్లు దిగింది పిట్టగోడ అంచునో, తూము చుట్టో, పైపు పక్కనో, రెండు షీట్ల అతుకులోనో. కొన్నిచోట్ల షీట్ వేసే రోజుకే కింద తడి ఉండిపోయింది. అందుకే ఏ కంపెనీ షీట్ కొనాలా అని ఆలోచించే సమయంలో సగమైనా కింద చెప్పిన పనుల మీద పెట్టండి. పని చేసేది మేస్త్రీయే అయినా, ఎక్కడ ఏం చూడాలో తెలిసి పక్కన నిలబడాల్సింది మీరు.

అసలు ఈ షీట్ ఏమిటి

మన దగ్గర ఇళ్లకు ఎక్కువగా వేసేది ఏపీపీ మెంబ్రేన్. తారులో అటాక్టిక్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కలిపి, మధ్యలో పాలిస్టర్ గుడ్డ పెట్టి తయారుచేస్తారు. ఒక్కో రోల్ మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది. మందం 3 మి.మీ., 4 మి.మీ. రకాలు సులభంగా దొరుకుతాయి. అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. గ్యాస్ టార్చ్ మంట తగలగానే అది కరిగి, లోపలి తారు మెరుస్తూ బయటికొచ్చి నేలకు అంటుకుంటుంది.

మామూలు తారు మన ఎండకు మెత్తబడిపోతుంది. ఏపీపీ కలిపిన తారు మెత్తబడే వేడి 150 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి రామగుండం ఎండకైనా కారిపోదు. ఇంకో సుగుణం సాగడం. స్లాబు పగలు వేడికి వ్యాకోచించి, రాత్రి ముడుచుకుంటుంది. 10 మీటర్ల స్లాబులో 30 డిగ్రీల తేడా వస్తే కదలిక దాదాపు 3 మి.మీ. ఉంటుంది. సిమెంటు పూత ఈ కదలికకు రోజూ కొంచెం కొంచెంగా నెర్రెలిస్తుంది. పాలిస్టర్ గుడ్డ ఉన్న షీట్ దానితోపాటే సాగి సర్దుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ పెట్టిన రకం అంతగా సాగదు. డాబాకు పాలిస్టర్ రకమే అడగండి.

ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోండి

ఏప్రిల్, మే నెలల్లో ఒక్క వాన లేకుండా కూడా మరక పెరుగుతోందంటే తప్పు డాబాది కాదు. ట్యాంకు నుంచి దిగే పైపునో, డాబా మీద బాత్‌రూము ఉంటే దాన్నో అనుమానించాలి. అలాంటి ఇంటికి షీట్ వేయించడం తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టే. సీలింగ్‌లో పెచ్చులు పెద్ద పెద్దగా ఊడి, చువ్వలు సన్నబడి కనిపిస్తుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి చూపించండి. షీట్ నీటిని ఆపగలదు కానీ బలహీనపడిన స్లాబుకు బలం ఇవ్వలేదు.

డాబా నిండా పైపులు, స్తంభాలు, అడ్డదిడ్డమైన మూలలు ఉంటే షీట్‌ను ముక్కలు ముక్కలుగా కోయాల్సి వస్తుంది. ప్రతి ముక్కా ఒక అతుకే. అలాంటిచోట బ్రష్‌తో పూసే పాలీయురెథేన్ పూత మేలని నా అభిప్రాయం. వెడల్పుగా, ఖాళీగా ఉన్న డాబాకు మాత్రం షీట్‌నే ఎంచుకుంటాను.

ఎప్పుడు వేయించాలి

తెలంగాణలో, రాయలసీమలో ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా మంచి కాలం. నెల్లూరు, ప్రకాశం, బాపట్ల వైపు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వదలవు. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. కోస్తావాళ్లు "దీపావళి అయ్యాక చూద్దాం" అనుకోకుండా ఎండాకాలంలోనే పని ముగించుకోవడం మంచిది.

మా ఇంటి అనుభవం చెబుతాను. మూడు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన సెప్టెంబరులో పని మొదలైంది. "సార్, పైన తెల్లగా ఆరిపోయింది, వేసేద్దాం" అన్నాడు పనిచేసే అబ్బాయి. నేనూ సరేనన్నాను. మార్చి ఎండలు ముదిరేసరికి డాబా మీద అక్కడక్కడా షీట్ పూరీలా పొంగింది. కాలితో నొక్కితే దిగిపోయి, కాలు తీస్తే మళ్లీ లేచేది. ఒకదాన్ని బ్లేడుతో కోసి తిరగేస్తే, అన్నం గిన్నె మూతకు పట్టినట్టు అడుగున నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి. ఆరు నెలల కిందటి వాన అది. స్లాబు పైకి ఆరినట్టు కనిపిస్తూనే లోపల తడిని పట్టి ఉంచుకుంది. ఎండకు ఆ తడి ఆవిరై బయటికి దారిలేక షీట్‌ను పైకి నెట్టింది.

దీన్ని తప్పించుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ కవరును స్లాబు మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఈ సాయంత్రం అంటిస్తే మర్నాడు మధ్యాహ్నం తీయండి. కనీసం 16 గంటలు ఉండాలి. కవరు అడుగున ఆవిరి చేరినా, కింద సిమెంటు నల్లబడినా ఇంకా తడి ఉన్నట్టే. ఇది ఒకచోట చేస్తే చాలదు. తూము దగ్గర, నీడ పడే మూలలో, డాబా మధ్యలో, ఇలా మూడు చోట్ల చేయండి.

మొదటి పని: వాటం

నీళ్లు నిలబడే డాబాకు ఎంత మంచి షీట్ వేసినా, ఆ నిలిచిన నీరు పగలూ రాత్రీ అతుకుల్లో దారి వెతుకుతూనే ఉంటుంది. ఏ చివర నుంచి చూసినా తూము వైపు వాటం కనీసం 100కి 1 ఉండాలి. అంటే పది అడుగులకు అంగుళంపావు దిగాలి. లెవెల్ పైపు, దారం కట్టి చూడమనండి. ఇంకా సులువుగా, నాలుగైదు బకెట్ల నీళ్లు కుమ్మరించి, గంట తర్వాత ఎక్కడెక్కడ మడుగు నిలిచిందో దాని చుట్టూ సుద్దముక్కతో గీయండి. ఆ గీతల్లోపలి పల్లాలను పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్‌తో పూడ్పించాలి. డాబా అంతా వాటం లేకపోతే కొత్తగా వాటం గచ్చు వేయించక తప్పదు. అది గట్టిపడి, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఈ ఆగడం దగ్గరే చాలామందికి ఓపిక పోతుంది.

గచ్చు వేయించేముందు మెట్ల గది గడప చూడండి. షీటు, దానిమీద కాపుదల గచ్చు కలిసి డాబా మట్టం రెండంగుళాలకు పైగా పెరుగుతుంది. గడప దానికంటే కనీసం నాలుగైదు అంగుళాలు ఎత్తులో మిగలకపోతే, గట్టి వాన కొట్టిన రోజు నీళ్లు మెట్ల మీదుగా నేరుగా హాల్లోకి దిగుతాయి.

రెండో పని: శుభ్రం, మరమ్మతు

సుత్తితో నేలంతా చిన్నగా తట్టుకుంటూ వెళ్లండి. ఖణ్ణుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే కింద వదిలేసినట్టు, ఆ భాగం పగలగొట్టి తీసేయాలి. పాచి, పాత పెయింటు, సిమెంటు పెళ్లలు వైరు బ్రష్‌తో గీకించాలి. సన్నటి నెర్రెను అలాగే వదిలేయకుండా ఉలితో ఇంగ్లిష్ వీ ఆకారంలో కొంచెం తెరిచి, పాలిమర్ మోర్టార్ కూరాలి. చివరికి నేల చేత్తో రాస్తే దుమ్ము అంటనంత శుభ్రంగా ఉండాలి. దుమ్ము మీద అంటించిన షీట్ దుమ్ముకే అంటుకుంటుంది, స్లాబుకు కాదు.

పిట్టగోడా నేలా కలిసే మూలను నిలువుగా వదలకండి. షీట్ అక్కడ కచ్చితమైన మడత పడితే కొన్నాళ్లకు ఆ మడత దగ్గరే చిట్లుతుంది. మూల పొడవునా రెండు మూడు అంగుళాల మేర మోర్టార్‌తో ఏటవాలుగానో గుండ్రంగానో తిప్పించాలి. చేతివేళ్లు నేల మీద నుంచి గోడ మీదికి ఎక్కడా తట్టుకోకుండా జారాలి.

సోలార్ ప్యానెళ్లు పెట్టుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం తర్వాత చాలా డాబాల మీద ప్యానెళ్లు వెలిశాయి. షీట్ వేసిన మరుసటి నెల ఎవరో వచ్చి డ్రిల్లుతో బోల్టులు దింపితే మొత్తం పని వృథా అయినట్టే. ప్యానెళ్ల స్టాండు కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు ముందే కట్టించి, షీట్‌ను ఆ దిమ్మెల చుట్టూ పైకి ఎక్కించండి. ఏసీ స్టాండు, డిష్, బట్టలు ఆరేసే తీగ స్తంభాలు, పాదుల పందిరికి వేసే గుంజలు, వీటన్నిటికీ ఇదే నియమం.

ఎన్ని రోల్స్ కొనాలి

రోల్ 10 చదరపు మీటర్లే అయినా అతుకుల్లో పోయేది పోగా కప్పేది దాదాపు 95 చదరపు అడుగులే. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న డాబా తీసుకోండి. నేల 1000 చదరపు అడుగులు. చుట్టూ 130 అడుగుల పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కిస్తే ఇంకో 130. మొత్తం 1130ని 95తో భాగిస్తే దాదాపు 12 రోల్స్. తూములు, మూలల ముక్కలకు ఒకటి అదనంగా కలిపి 13 తెప్పించుకోండి. సరుకు దిగగానే అంచు దగ్గర స్కేలు పెట్టి మందం చూడండి. 4 మి.మీ. అని బిల్లు వేసి 3 మి.మీ. దింపితే అక్కడే తెలిసిపోతుంది. రోల్స్‌ను నీడలో, నిలువుగా నిలబెట్టి ఉంచాలి. ఎండలో పడుకోబెడితే వేడికి అణిగిపోయి, విప్పేటప్పుడు చదునుగా రావు.

మూడో పని: ప్రైమర్

బిటుమెన్ ప్రైమర్ నల్లటి పల్చటి ద్రవం. లీటరుకు సుమారు నాలుగు నుంచి ఆరు చదరపు మీటర్లు వస్తుంది. షీట్ అంటాల్సిన ప్రతిచోటా, గోడ మీదికి ఎక్కించేచోట కూడా, బ్రష్‌తోనో రోలర్‌తోనో పట్టించాలి. వేలితో తాకితే నల్లమరక అంటకూడదు. అప్పుడే ఆరినట్టు. మామూలు ఎండలో కొన్ని గంటలు పడుతుంది. ఆరని ప్రైమర్‌లో మండే ద్రావకం ఉంటుంది కాబట్టి దాని దగ్గర టార్చ్ వెలిగించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మంటతో పని కాబట్టి ఇక్కడే జాగ్రత్తలు కూడా చెప్పేస్తాను. రెండు బకెట్ల నీళ్లు, ఇసుక, వీలైతే అగ్నిమాపక సిలిండరు దగ్గర పెట్టండి. ఎండుకొబ్బరి మట్టలు, పాత చెక్క, ప్లాస్టిక్ ట్యాంకు, పీవీసీ పైపులు మంటకు దూరంగా ఉండాలి. టార్చ్ పట్టేవాళ్లకు బూట్లు, గ్లౌజులు ఉండాలి. చెప్పులతో మంట పట్టుకుని తిరుగుతుంటే పని ఆపించండి. వంటింటి సిలిండరు ఇవ్వమని అడిగితే ఇవ్వకండి. దాన్ని ఇలాంటి పనికి వాడటం చట్టవిరుద్ధం. వాళ్లు 19 కిలోల కమర్షియల్ సిలిండరు తెచ్చుకోవాలి. సాయంత్రం పని ముగిశాక కనీసం గంటసేపు ఎవరో ఒకరు పైనే ఉండి పొగ ఎక్కడైనా వస్తోందేమో చూడాలి.

నాలుగో పని: షీట్ పరవడం

తాటాకు ఇల్లు కప్పేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి వెన్ను దాకా వెళ్తారు. పై వరస కింది వరస మీదికి వస్తేనే నీరు జారిపోతుంది. ఇక్కడా అంతే. తూము ఉన్న పల్లం వైపు మొదటి రోల్ పరిచి, మెరక వైపు వరసలు పెంచుకుంటూ పోవాలి. కొందరు మెట్ల గది దగ్గర, అంటే తమకు వీలుగా ఉన్నచోట, మొదలుపెడతారు. ఒప్పుకోకండి.

ముందు రోల్ మొత్తం విప్పి, తిన్నగా ఉందో లేదో చూసి, సగం దాకా మళ్లీ చుట్టాలి. ఆ సగాన్ని మంటతో అంటించాక, రెండో సగం చుట్టి అంటించాలి. మంట షీట్ అడుగున, నేల మీద రెంటికీ తగలాలి. దగ్గరికి వెళ్లి చూడండి. అడుగున ప్లాస్టిక్ పొర ముడుచుకుని మాయమవుతుంది, తారు నల్లగా తళతళలాడుతుంది, ఆ క్షణంలో రోల్ ముందుకు దొర్లాలి. పొర కరగకముందే దొర్లిస్తే అంటదు. అక్కడే మంట ఆడిస్తూ ఉంటే లోపలి పాలిస్టర్ మాడిపోతుంది.

పక్క అతుకు నాలుగంగుళాలు, అంటే 100 మి.మీ. రోల్ చివర అతుకు ఆరంగుళాలు, అంటే 150 మి.మీ. పక్కపక్క వరసల్లో చివరి అతుకులు ఒకే గీత మీద రాకూడదు. ఇటుకల జోళ్లు తప్పించినట్టు తప్పించాలి. మూడు షీట్లు ఒకదానిమీద ఒకటి వచ్చేచోట మధ్య షీట్ మూలను ఏటవాలుగా కోసేయాలి. లేకపోతే అక్కడ మెట్టులా లేచి, దాని పక్కన సన్నటి సొరంగం మిగులుతుంది. నీళ్లు పోవడానికి అది చాలు.

అతుకు సరిగా పడిందనడానికి కంటికి కనిపించే గుర్తు ఒకటుంది. అతుకు నొక్కినప్పుడు అంచు పొడవునా సన్నటి తారు గీత బయటికి ఉబికి రావాలి. ఎక్కడ ఆ గీత తెగిందో అక్కడ అనుమానించాలి. చల్లారాక తాపీ మొనతో అంచు వెంట మెల్లగా గుచ్చుకుంటూ వెళ్లండి. మొన లోపలికి దూరినచోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, మళ్లీ వేడిచేయించండి. ఈ పనికి మీరు కేటాయించే అరగంట కంటే విలువైన అరగంట ఈ మొత్తం పనిలో లేదు.

ఐదో పని: అంచులు, తూములు, పైపులు

కాంట్రాక్టరు సాయంత్రం హడావుడిలో ముగించేది ఈ భాగాన్నే. నేనైతే దీన్ని ఒక రోజు విడిగా పెట్టుకోమంటాను.

పిట్టగోడకు నేల మీది షీట్‌నే సాగదీసి ఎక్కించకూడదు. విడిగా ముక్క కోసి, నేల షీట్ మీద ఆరంగుళాలు పడేలా, గోడ మీద కనీసం తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాలు ఎక్కేలా అంటించాలి. తర్వాత వేసే గచ్చు మందం పోను ఆరంగుళాలకు తక్కువ కాకుండా ఎత్తు మిగలాలి. పై అంచును గోడకు ఊరికే అంటించి వదిలేస్తే, రెండు మూడు ఎండాకాలాలకు అది పెదవి విడిచినట్టు విడిపోతుంది. గోడ మీద జారే వాన నేరుగా ఆ సందులోకి పోతుంది. అందుకని ముందే గోడలో అంగుళం లోతు గాడి కోయించి, షీట్ అంచును ఆ గాడిలోకి మడిచి, మోర్టార్‌తోనో సీలెంట్‌తోనో మూసేయాలి.

తూము చుట్టూ నేలను, అసలు షీట్ పరవకముందే, అర అంగుళం పల్లం చేయించండి. అక్కడ ముందు ఒక అడుగున్నర చదరపు ముక్కను అదనంగా అంటించి, మధ్యలో నక్షత్రంలా కోసి, ఆ రెక్కలను పైపు లోపలికి మడిచి అంటించాలి. దాని మీద అసలు షీట్ వస్తుంది. పైన జాలీ తప్పనిసరి. పావురం ఈకలు, వేపాకులు చేరి తూము మూసుకుపోతే మొత్తం డాబా చెరువవుతుంది. స్లాబులోంచి పైకొచ్చే పైపులకు కూడా కింద ఒక ముక్క, పైపు ఒంటికి చుట్టిన పట్టీ ఒకటి, రెండూ ఉండాలి. పీవీసీ పైపు మంటకు మెత్తబడుతుంది కాబట్టి షీట్‌నే విడిగా వేడిచేసి చుట్టాలి.

ఆరో పని: నీళ్లు నిలిపి చూడటం

కాపుదల గచ్చు వేసేముందే ఈ పరీక్ష జరగాలి. వేశాక లీకు బయటపడితే వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. తూములను ప్లాస్టిక్ సంచిలో గుడ్డ చుట్టి బిగించి, మెరక దగ్గర కూడా నీళ్లు నిలిచేలా నింపి, 48 గంటలు ఉంచండి. రెండంగుళాల నీరు చదరపు మీటరుకు 50 కిలోల బరువు. పాత స్లాబైతే, వాటం వల్ల పల్లంలో నీరు ఇంకా లోతుగా నిలిచేలా ఉంటే, ముందుగా ఇంజనీరును అడగండి. డాబాను భాగాలు చేసి ఒక్కో భాగం నింపడం మేలు.

నీళ్లు తగ్గితే లీకో, ఎండకు ఇగిరిందో ఎలా తెలుస్తుంది? ఒక బకెట్‌లో నీళ్లు పోసి అదే ఎండలో పక్కన పెట్టి, అందులోనూ డాబా మీదా మట్టం దగ్గర గీత గీయండి. రెండూ ఇంచుమించు ఒకేలా తగ్గితే అది ఎండ. డాబా గీత బాగా ఎక్కువ తగ్గితే ఎక్కడో దారి ఉంది. ఈ రెండు రోజులూ కింది సీలింగ్‌ను ఉదయం, సాయంత్రం ఫోటోలు తీసి పెట్టుకోండి. కొటేషన్‌లోనే షీట్ మందం, పాలిస్టర్ రకం, అతుకుల కొలతలు, గోడ మీద ఎత్తు, 48 గంటల పరీక్ష రాయించుకుని, చివరి విడత డబ్బు పరీక్ష అయ్యాకే ఇస్తామని ముందే చెప్పండి.

పైన కాపుదల

ఈ షీట్ నల్లగా ఉంటుంది. నేరుగా ఎండ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ పైపొర గట్టిపడి పగుళ్లిస్తుంది. మనుషులు తిరగని డాబాకైతే రాతిపొడి రేణువులు అద్దిన రకం వేయించడమో, అల్యూమినియం పెయింట్ వేయించడమో సరిపోతుంది. కానీ మన డాబాల మీద వడియాలు పెడతాం, మిరపకాయలు ఎండబెడతాం, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. అలాంటి డాబాకు షీట్ మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, సన్నటి వైరు జాలీ పెట్టి, అంగుళంన్నర నుంచి రెండంగుళాల గచ్చు వేయించాలి. దాన్ని ఐదారు అడుగుల గళ్లుగా విడదీసి మధ్య సందులు సీలెంట్‌తో నింపాలి, లేదంటే గచ్చు తన ఇష్టం వచ్చినచోట పగులుతుంది. పైన తెల్ల టైల్స్ వేస్తే కింది గదులు కొంత చల్లబడతాయి. గచ్చు పోసే కూలీలు పార అంచును షీట్ మీద ఈడవకుండా చూడండి. 48 గంటలు నీళ్లు నిలిపి గెలిచిన షీట్ ఒక్క పార గాటుకు ఓడిపోతుంది.

ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వెనక ఒకసారి, చీపురు పట్టుకుని పైకి వెళ్లండి. తూము జాలీ తీసి శుభ్రం చేసి, పిట్టగోడ గాడి పొడవునా వేలు రాసుకుంటూ తిరగండి. గచ్చు వేయని డాబాలో బుడగ కనిపిస్తే దాన్ని అడ్డంగా, నిలువుగా కోసి, నాలుగు రెక్కలు తెరిచి ఎండకు పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక వేడిచేసి అంటించి, కోత దాటి నాలుగు వైపులా నాలుగంగుళాలు ఎక్కువ ఉండేలా పైన ఒక ముక్క వేయించండి. మా డాబా మీద ఇప్పుడు అలాంటి ముక్కలు ఏడున్నాయి. ప్రతి మే నెలలోనూ మొదట వాటి అంచులే చూస్తాను.